భయం తెలిసిన బ్రేకుల మిస్త్రీ

మిస్త్రీ పోయాడన్న మాట నాకు జగిత్యాల బస్టాండులో తెలిసింది. కరీంనగర్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, ఊరి సంగతులన్నీ చెబుతూ మధ్యలో, "మీ బ్రేకుల మిస్త్రీ పోయిండు గదా, కామెర్లయినయట" అన్నాడు. ఎప్పుడని అడిగాను. మూడు రోజులైందన్నాడు. నా బస్సు అప్పటికే నిండిపోయి ఉంది. ఎక్కి కూర్చుని ఇంజను స్టార్టు చేశాను. మా కండక్టరు విజిల్ వేశాడు. మళ్లీ వేశాడు. కాలు బ్రేకు మీది నుంచి తీయాలని నాకు తెలుసు. తీయలేకపోయాను. వెనక ఎవరో ముసలామె, "డ్రైవరుకు పానం మంచిగ లేదా ఏంది" అని పక్కవాళ్లను అడగడం వినిపించింది.

నేను రాసేవాణ్ని కాను. ఏడో తరగతి దాకా చదివింది ఉర్దూలో. తెలుగు రాయడం పెద్దయ్యాక గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. అయినా ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలనిపించింది. ఆయన చేసిన బ్రేకుల మీద నమ్మకం పెట్టి ఘాట్లు దిగినవాళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎంతమందో ఉన్నారు. వాళ్లలో చాలామందికి అలాంటి మనిషొకడు ఉన్నాడని కూడా తెలియదు. నేను రాయడానికి ఇంకో కారణం ఉంది. ఆయన ఎదుటనే నేనొక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధానికి దెబ్బ తిన్నది ఆయన.

కరీంనగర్‌లో జగిత్యాల రోడ్డు పక్కన ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. ఇంజను పని వస్తే వేరేవాళ్ల దగ్గరికి పంపేవాడు. బ్రేకులు మాత్రమే చూసేవాడు. "బండి నడవాలని అందరు సూస్తరు. ఆగాలని సూసేటోడు గూడ ఒకడుండాలె గదా" అనేవాడు. మాట మెత్తన. మనిషి బక్కపలచన. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది.

ఆయన భయస్తుడు. ఇది నేను దాచి చెప్పదలచుకోలేదు, ఎందుకంటే ఆయనా దాచుకోలేదు. చదును నేల మీద నిలబెట్టిన లారీకి కూడా అన్ని చక్రాల కిందా రాళ్లు పెట్టేవాడు. బండి కిందికి దూరే ముందు భుజంతో మూడుసార్లు నెట్టి చూసేవాడు. సైకిలు ఎక్కేవాడు కాదు. బ్రేకు పని అయ్యాక చెప్పులు విడిచి, వట్టి పాదంతో పెడలు తొక్కి, కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే ఉండేవాడు. ఆ తర్వాత మొదటిసారి బండి రోడ్డెక్కేటప్పుడు డ్రైవరు పక్కన తానే కూర్చునేవాడు. కూర్చున్నంతసేపూ తలుపు గట్టిగా పట్టుకునే ఉండేవాడు. "నేను కూసోని బండిని ఎవ్వలకియ్య" అన్నది ఆయన నియమం. లారీలవాళ్లు పిరికి మిస్త్రీ అని ఎగతాళి చేసేవాళ్లు, బండ్లు మాత్రం ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. ఎందుకింత భయమని నేనొకసారి అడిగితే కొంచెం ఆలోచించి, "ఎందుకంటే ఏం జెప్పాలె కొడుకా. ఉడుకు తగిలితే చెయ్యి ఎనుకకు తీస్తం గదా, గట్లనే" అన్నాడు.

ఐదేళ్ల కింద నేను హుజూరాబాద్ దిక్కు ఒక దొరల ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను. పెళ్లయి ఏడాది దాటింది. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ నౌకరి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పెద్దదొర కాలం పోయి, చిన్నదొర చేతికి అన్నీ వచ్చిన రోజులవి. వాళ్లకు ఆదిలాబాద్ అడవిలో టేకు కలప కాంట్రాక్టు ఉండేది. నెలకు రెండు మూడుసార్లు నిర్మల్ మీదుగా ఘాటెక్కి ఆదిలాబాద్ వెళ్లి వచ్చేవాళ్లం. జమానా మారిందని అందరూ అనేవాళ్లు. కానీ దొర జీపు చప్పుడు వినపడితే బీడీ పారేసి లేచి నిలబడే మనుషులు ఇంకా ఊరూరా ఉన్నారు. నేనూ లేచి నిలబడేవాణ్నే.

చిన్నదొర బొంబాయి నుంచి ఒక విదేశీ కారు తెప్పించాడు. రెండే తలుపులు, నేలకు ఆనుతుందా అన్నంత కిందికి ఉండేది. పందేలకు చేసిన బండి అన్నారు. తొక్కితే రోడ్డు మీద చెట్లన్నీ ఒక్క గోడలా కనిపించేవి. అన్ని బండ్లకూ చక్రం లోపల డ్రమ్ము ఉంటుంది, అందులో బ్రేకు షూలు విచ్చుకుని పట్టుకుంటాయి. దీని ముందు చక్రాలకు డ్రమ్ము లేదు. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం ఒకటి, దాన్ని రెండు వైపుల నుంచీ ప్యాడ్లతో నొక్కి పట్టే పట్కారులాంటిది ఒకటి ఉండేవి. డిస్కు బ్రేకులంటారని దొర చెప్పాడు. మిస్త్రీ మాత్రం మొదటి రోజు నుంచీ పళ్లెం అనే అన్నాడు.

దసరా వెళ్లిన వారానికి ఆదిలాబాద్ నుంచి తిరిగొస్తున్నాం. మామూలుగా దొరే నడిపేవాడు. ఆ రోజు జ్వరంగా ఉందని బండి నాకిచ్చి పక్కన కళ్లు మూసుకున్నాడు. అంత బండి నా చేతికి రావడం అదే మొదలు. ఘాటు దిగేటప్పుడు నాకు మతి పోయింది. మలుపు దాకా ఉరికించి, మలుపులో గట్టిగా బ్రేకు వేసి, మళ్లీ ఉరికించాను. సగం దిగేసరికి కాలిన వాసన వచ్చింది. కింద రోడ్డు మీది నుంచే ఒక వాగు పారుతుంది. వానలు ఆలస్యంగా పోయినందుకు అందులో ఇంకా జానెడు లోతు నీళ్లున్నాయి. ఆగి, బండి చల్లబడ్డాక దాటాలి. నేను ఆగలేదు. నీళ్లలో దిగగానే ముందు చక్రాల దగ్గర సుయ్యిమని ఆవిరి లేచి అద్దం కమ్మేసింది. దొర కళ్లు తెరిచి ఏందిరా అన్నాడు. వాగు దొరా అన్నాను. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

మర్నాటి నుంచి బ్రేకు వేస్తే స్టీరింగు వణకడం మొదలైంది. పెడలు కూడా కాలి కింద నాడిలా కొట్టుకునేది. ఎర్రగా కాగిన పళ్లేలు చన్నీళ్లు తగిలి వంకర పోయాయని నాకు అప్పుడు తెలియదు. కానీ తప్పు నాదేనని తెలుసు. దొర అడిగితే టైర్లేమో అన్నాను. టైర్లు మార్చాడు. వణుకు పోలేదు. రోడ్డేమో అన్నాను. రాత్రి నిద్ర పట్టేది కాదు. పట్టినా పాదం ఊరికే నేలను తొక్కుతున్నదని నా భార్య చెప్పేది.

రెండు వారాలకు సోన్ దగ్గర గోదావరి వంతెన మీద జరిగింది. దొర నడుపుతున్నాడు. ముందు పత్తి బండి ఒకటి అడ్డం వచ్చింది. దొర బ్రేకు వేశాడు. స్టీరింగు ఆయన చేతుల్లోంచి కుడివైపుకు లాగేసుకుంది. బండి వెళ్లి వంతెన గోడను రాసుకుంటూ కొంతదూరం పోయి ఆగింది. నా కిటికీ లోంచి పత్తి బండి చక్రం, అవతల దొర కిటికీ లోంచి గోదావరి కనిపించాయి. నది ఇంకా నిండుగానే పారుతోంది. దొర నవ్వాడు. నేనూ నవ్వాను. నా అంగి వీపుకు అతుక్కుపోయింది.

అప్పుడు పంపాడు మిస్త్రీ దగ్గరికి.

మిస్త్రీ బండిని మొద్దుల మీదికెత్తి ముందు చక్రాలు విప్పాడు. ఒక ఇనుప తీగను పళ్లేనికి తగిలీ తగలనట్టు కట్టి, పళ్లేన్ని మెల్లగా తిప్పాడు. ఒకచోట తీగ గీచుకుంది. ఒకచోట మధ్యలో గోరు పట్టేంత సందు వచ్చింది. రెండో వైపూ అంతే. ప్యాడ్లు తీసి చూస్తే ఒక పక్క అరిగి ఇనుము బయటపడింది. ఆయన పళ్లేన్ని వెలుతురుకు తెచ్చి చాలాసేపు చూశాడు. మీద నీలం మచ్చలున్నాయి. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా సన్నటి గీత ఒకటి ఉంది. వేలితో ఆ గీత వెంబడి రాసి, తల ఎత్తి నన్ను చూశాడు. నేను పానాలూ సుత్తెలూ సర్దుతున్నట్టు వంగాను. ఆయన పళ్లేన్ని పక్కన పెట్టాడు.

కొత్త పళ్లేలు, కొత్త ప్యాడ్లు బొంబాయి నుంచి రావాలని, నెల పడుతుందని దొరకు కబురు పంపాడు. దొర ఒప్పుకోలేదు. ఆ ఆదివారం ఆదిలాబాద్‌లో స్నేహితుడి ఇంట్లో పెళ్లి. అక్క కూతుర్ని కూడా తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఆరేళ్ల పాప. ఆ బండి ముందు సీటులో ఎవరి ఒళ్లో అయినా కూర్చుని హారను నొక్కడం ఆ పిల్లకు పండుగ. ఈ సంగతి మిస్త్రీకి నేనే చెప్పాను. లేతు మిషను మీద పాత పళ్లేలనే చదును చేయించమన్నది దొర హుకుం. మిస్త్రీ తీసుకెళ్లి ఒక్క పొర తీయించాడు. వంకర పోలేదు. ఇంకా తీస్తే పళ్లెం మిగలదు. తెచ్చి షెడ్డులో ఒక మూల పెట్టేశాడు.

శనివారం పొద్దున దొరను జీపులో షెడ్డుకు తీసుకొచ్చాను. కారు ఇంకా మొద్దుల మీదే ఉంది. దొర దిగలేదు, జీపులోంచే బిగించి ఇమ్మన్నాడు. మిస్త్రీ చేతులు కట్టుకుని వచ్చాడు.

"దొరా, నీ బాంచెన్, గవి మళ్ల బిగియ్యరాదు. పల్చగైనయి. ఘాటుల ఉడుకైతే పలుగుతయి."

అప్పుడు దొర దిగాడు. లేతు మీద పెట్టి నువ్వే ఖరాబు చేశావన్నాడు. అంతకుముందు కొంచెం వణుకు తప్ప ఏమీ లేదన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమిరా, నువ్వు రోజు సూసేటోనివి. గీన చెయ్యి పెట్టకముందు బండి మంచిగనే ఉండెనా లేదా?"

నేను మిస్త్రీ వైపు చూడలేదు. "మంచిగనే ఉండె దొరా" అన్నాను.

దొర చెయ్యెత్తి కొట్టాడు. చెంప మీద, ఒక్కటే. చెవి మీది సుద్దముక్క ఎగిరి పడి ముక్కలైంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి, దొరను చూసి కదిలిపోయారు. సాయంత్రానికి ఇంకో మిస్త్రీని పంపిస్తానని, అతను బిగిస్తాడని, నువ్వు అడ్డం రావద్దని చెప్పి దొర జీపు వైపు నడిచాడు.

మిస్త్రీ తువాలతో మొహం తుడుచుకున్నాడు. మూలకు వెళ్లి ఒక పళ్లేన్ని తెచ్చి వాకిట్లో ఉన్న బండరాయి మీద పెట్టాడు. సమ్మెట తీశాడు. ఏం చేస్తాడో నాకు అర్థం కాలేదు. మొదటి దెబ్బ గురి తప్పి రాయికి తగిలింది. రెండో దెబ్బకు పళ్లెం ఫెళ్లున పగిలింది. పోత ఇనుము, మట్టిగాజులా రెండుగా విడిపోయింది. లోపలికి వెళ్లి రెండోది తెచ్చాడు. దాన్నీ పగలగొట్టాడు. దొర జీపు మెట్టు మీద కాలు పెట్టి అట్లాగే నిలబడిపోయాడు.

"ఇగ ఎవ్వలు బిగియ్యలేరు" అన్నాడు మిస్త్రీ. ఆ వెంటనే నేల మీద కూలబడ్డాడు. "పసిపిల్ల కూసుంటదంట గదా దొరా, ముంగటి సీట్ల" అన్నాడు కింద నుంచే.

దొర జీపు ఎక్కి పోనియ్యమన్నాడు. మానేరు దాటాక, వాని షెడ్డు ఉండదు అని మాత్రం అన్నాడు, నాతో అన్నట్టు కాదు. ఆ మాట అనేవాళ్లు అన్నంత పనీ చేసిన కాలం నేను చిన్నప్పుడు చూశాను. మిస్త్రీ ఆ మధ్యాహ్నమే భార్యను, కూతుర్ని సిరిసిల్లలో మగ్గాలు నేసే బావమరిది ఇంటికి పంపించేశాడని, తాను మాత్రం షెడ్డులోనే ఉండిపోయాడని తర్వాత తెలిసింది. ఎందుకు వెళ్లలేదని అడిగితే, మొద్దుల మీద బండి ఉండగా వదిలేసి ఎట్లా పోతానన్నాడట.

ఆదివారం జీపులోనే పెళ్లికి వెళ్లాం. పాప దొర ఒళ్లో కూర్చుంది. సోమవారం తిరుగు ప్రయాణంలో ఘాటు దిగుతున్నాం. మలుపు తిరిగేసరికి ఎదురుగా టేకు దుంగల లారీ ఒకటి ఆగి ఉంది, ఇరుసు విరిగి. దుంగలు వెనక నుంచి బయటికి పొడుచుకు వచ్చి సరిగ్గా మా అద్దం ఎత్తున ఉన్నాయి. నేను ఏం ఆలోచించానో నాకు తెలియదు. బ్రేకు మీద లేచి నిలబడ్డాను. జీపు పక్కకు పోలేదు. తిన్నగా జారి తిన్నగా ఆగింది. దుంగ కొనకూ అద్దానికీ మధ్య జానెడు సందుంది.

పాప ఆట అనుకుని నవ్వింది. దొర నవ్వలేదు. పాపను రెండు చేతులా అదుముకుని అట్లాగే కూర్చున్నాడు. తర్వాత దిగి, ఆ దుంగ కొన మీద అరచెయ్యి పెట్టి, అక్కడి నుంచి అద్దం దాకా చూశాడు. ఆ జీపుకు పోయిన నెలలోనే బ్రేకు లైనర్లు కొత్తవి వేయించాం. వేసింది ఎవరో దొరకూ తెలుసు, నాకూ తెలుసు. నిర్మల్ చేరాక, టెలిగ్రాం ఇవ్వాలని తపాలా కచ్చేరి ముందు ఆపమన్నాడు.

"బొంబాయికి తారు కొట్టు. పళ్లేలు రెండు, ప్యాడ్లు రెండు జతలు" అన్నాడు.

మిస్త్రీలాగే పళ్లేలు అనే అన్నాడు. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. క్షమించమని ఎన్నడూ అడగలేదు. దొరలు అడగరు. ఆ కబురు వెంటనే వెళ్లి మిస్త్రీకి చెప్పాల్సింది నేను. మొహం చూపించలేక రెండు రోజులు పోలేదు. ఆ రెండు రోజులూ ఆయన జీపు చప్పుడైనప్పుడల్లా షెడ్డులో లేచి నిలబడుతూ గడిపాడు. అది కూడా నా లెక్కలోకే వస్తుంది.

పెట్టె వచ్చేసరికి నెలన్నర పట్టింది. నూనె కాగితంలో చుట్టిన పళ్లేలను ఆయన పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తీశాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. అదే నాకు ఎక్కువ కష్టమైంది. పళ్లెం ఆనే చోట తుప్పు ఆవగింజంత కూడా ఉండకూడదన్నాడు. ఉంటే కొత్త పళ్లెం కూడా వంకరగానే తిరుగుతుందట. ఒక పూటంతా ఆ తుప్పు గీకడానికే పట్టింది. పట్కారును విప్పి, దాని గొట్టం మీద బరువు పడకుండా తీగతో వేలాడదీశాడు. బోల్టులను ఒకదాని తర్వాత పక్కది కాకుండా, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. మళ్లీ ఇనుప తీగ కట్టి తిప్పాడు. తీగకూ పళ్లేనికీ మధ్య సందు చుట్టూ ఒక్క తీరుగా ఉంది. కొత్త ప్యాడ్లు పెట్టి, పాత బ్రేకు నూనె మొత్తం తీసేయడానికి నన్ను పెడలు తొక్కమన్నాడు. తొక్కు అంటే తొక్కాను, పట్టు అంటే పట్టాను. నల్లటి నూనె పోయి తేటది వచ్చేదాకా వదల్లేదు. అప్పుడు చెప్పులు విడిచి తాను ఎక్కి కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

దొర అప్పటికి ఆదిలాబాద్‌లో ఉన్నాడు. బండిని అక్కడికి తెమ్మన్నాడు. మిస్త్రీ నా పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా మెల్లగా పోనిచ్చి మెల్లగా ఆపమన్నాడు, ప్యాడ్లకూ పళ్లేలకూ జత కుదరాలని. ఘాటెక్కాక, అప్పజెప్పే ముందు ఒక్కసారి దిగి చూద్దామన్నాడు. పైన బండి తిప్పి నిలబెట్టాను. కింద రోడ్డు అడవిలోకి మెలికలు తిరిగి పోతోంది. ఆయన దిగి సీసాలో నీళ్లతో మొహం కడుక్కుని వచ్చి, తలుపు పట్టుకుని కూర్చున్నాడు.

నా కాలు బ్రేకు మీది నుంచి రాలేదు. ఆ దుంగలు కళ్ల ముందుకొచ్చాయి. వంతెన గోడ కనిపించింది. ఆయన తొందరపెట్టలేదు.

"భయమైతుందా?"

"అయితుంది కాకా."

"నాకు గూడ అయితుంది. సిగ్గువడకు. భయం కానోని పక్కన నేను కూసోను."

అప్పుడు చెప్పేశాను. ఆ రోజు కాగిన బండిని వాగులో దింపింది నేనే అన్నాను. ఆయన ముందుకు చూస్తూనే ఉన్నాడు.

"ఎరికే."

"ఎప్పటి సంది?"

"చక్రం ఇప్పిన నాటి సంది. పళ్లెం మీద నీళ్ల గీత ఉండె. దొరైతే బురద అంటుతదని వాగుకాడ బండి ఆపి మెల్లగ దాటిస్తడు. నువ్వే దింపినవు."

"మరి దొరకెందుకు జెప్పలే?"

"జెప్తే నీ నౌకరి పోతుండె. నీ ఇంటామె నీళ్లాడే దినాలని నువ్వే అంటివి. నన్నేమో ఒక్క దెబ్బ కొట్టిండు, అయిపోయింది."

"నీ ముంగటనే మంచిగ ఉండె అన్న కాకా."

ఎక్కడో కింద బండి ఒకటి గేరు మార్చుకుంటూ ఎక్కి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"గది నొచ్చింది కొడుకా. దెబ్బ గాదు, గదే నొచ్చింది" అన్నాడు. కొంచెం ఆగి, "ఇగ దింపు. జర మెల్లగ" అన్నాడు.

దింపాను. ప్రతి మలుపుకు ముందే వేగం తగ్గించి, గేరు తగ్గించి, ఒక్కసారి తొక్కి వదిలేశాను. స్టీరింగు నా చేతిలో కదలలేదు. పెడలు గట్టిగా, ఒక్క తీరుగా ఉంది. మలుపు దాటిన ప్రతిసారీ ఆయన ముక్కులోంచి గాలి వదిలేవాడు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. వాగు దగ్గరికి రాగానే ఆపమన్నాడు. ఆపాను. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచొద్దని, వేడి పళ్లేన్ని ప్యాడ్లు ఒకే చోట పట్టుకుంటే అక్కడ మచ్చ పడుతుందని చెప్పి, చక్రాల కింద రాళ్లు పెట్టాడు. ఒడ్డున బండ మీద కూర్చున్నాం. మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ ఇద్దరికీ పంచాడు. పళ్లేలు చల్లబడేదాకా అక్కడే కూర్చున్నాం. ఆయన అప్పుడప్పుడు లేచి వెళ్లి, చక్రం సందులోకి చెయ్యి పెట్టకుండానే వేడి ఎంత ఉందో అరచేత్తో చూసి వచ్చేవాడు.

ఏడాది తిరక్కముందే చిన్నదొర ఆ బండిని హైదరాబాద్‌లో ఎవరికో అమ్మేశాడు. నేను సర్కారు బస్సుకు డ్రైవరుగా ఎక్కాను. డ్రైవరు పరీక్ష రోజున నేను దీవించమంటే మిస్త్రీ దీవించలేదు. "నిన్న ఆగింది అనుకోకు. ఇయ్యాల ఆగుతదా సూడు" అన్నాడు. ఇప్పటికీ పొద్దున బస్సు తీసే ముందు తొక్కి చూస్తాను. కరీంనగర్ వెళ్లినప్పుడల్లా షెడ్డుకు పోయేవాణ్ని. ఏ దొర జీపు పోయినా ఆయన లోపలికి వెళ్లి నిలబడేవాడు, జీపు దాటాక వచ్చి పని చేసుకునేవాడు. ఆ రోజు సమ్మెట ఎత్తిన మనిషేనా అనిపించేది. ధైర్యమొచ్చిందా కాకా అని ఒకసారి నవ్వుతూ అడిగాను. ధైర్యం రాలేదని, పిల్ల గుర్తొచ్చిందని, అంతేనని అన్నాడు.

కబురు తెలిసిన మర్నాడు సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, కూర్చోమని పీట చూపించింది. చివరి రెండు రోజులు భయపడ్డాడని చెప్పింది. ఎవరూ అడగకుండానే చెప్పింది. "భయమైతుందే, జర పక్కకు కూసో అన్నడు బిడ్డా. కూసున్న. చెయ్యి పట్టుకొనే ఉండె" అంది. వచ్చేటప్పుడు షెడ్డు మీదుగా వచ్చాను. తాళం వేసి ఉంది. ఒక లారీ డ్రైవరు తన బండిని ముందు నిలబెట్టుకుని, ఎవరిని అడగాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

ఆయన్ను నేను చివరిసారి చూసింది పోయిన చలికాలంలో, కరీంనగర్ బస్టాండు ముందు. మధ్యాహ్నం బస్సు లోపలికి తిప్పబోతుంటే రోడ్డు పక్కన కనిపించాడు. మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. లారీలు, రిక్షాలు, సైకిళ్లు పోతున్నాయి. ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ వెనక్కు వెళ్తున్నాడు. నేను బస్సు ఆపేశాను. అద్దం మీద ఎండ పడి ఉంటుంది, నన్ను పోల్చుకోలేదు. బస్సు వైపు ఒక చెయ్యి చాపి, ఆగమన్నట్టు పట్టుకుని, పిల్లను నడిపించుకుంటూ బయల్దేరాడు. సరిగ్గా నా బస్సు ముందుకు వచ్చేసరికి పిల్ల కాలి చెప్పు ఊడింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. కండక్టరు తల బయటికి పెట్టి ఏమైందని అడుగుతున్నాడు. నిలబెట్టిన లారీకి కూడా రాళ్లు పెట్టే ఆ మనిషి నడిరోడ్డు మీద, బస్సుకు వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. పిల్ల పాదాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. దుమ్ము దులిపి, తొందరేమీ లేకుండా చెప్పు తొడుగుతున్నాడు.